టీవీ మీద గులకరాయి

అమ్మ పాత హ్యాండ్‌బ్యాగ్ ఖాళీ చేస్తుంటే అడుగున నున్నటి గులకరాయి నా చేతికి తగిలింది. ముగ్గురు కలిసి బయల్దేరితే పని జరగదని అమ్మ నమ్మకం. మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే. అందుకే ఎక్కడికెళ్ళినా ఈ రాయిని నాలుగో మనిషిగా వెంట తెచ్చేది.

నాకు ఏడేళ్ళప్పుడు, అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, టీవీలో ఒలింపిక్స్ చూశాం. ఆ వేసవంతా నాన్న ఇంట్లోనే ఉన్నారు. నాలాగే ఆయనకీ సెలవులనుకున్నాను.

మొదటిరోజు కవాతులో వందలమంది ఉన్న జట్ల మధ్య ఓ చిన్న దేశం నుంచి ముగ్గురే నడిచొచ్చారు.

"అమ్మా, వాళ్ళు త్రీ పీపులే. రాయి మర్చిపోయారు," అంటూ బ్యాగులోంచి మా రాయి తీసి టీవీ మీద పెట్టాను. నాన్న నవ్వారు.

వారం తర్వాత ఆ ముగ్గురిలో ఒకతను పరుగుపందెంలో బాగా వెనకబడ్డాడు. మిగతావాళ్ళు ఎప్పుడో ముగించి నీళ్ళు తాగుతున్నారు. రాయి పనిచెయ్యలేదని తియ్యబోయాను.

"ముట్టుకోకు. ఇంకా పరిగెడుతున్నాడుగా," అంది అమ్మ.

అతను గీత దాటేదాకా ముగ్గురం కదల్లేదు.

అప్పటికే నాన్న ఉద్యోగం పోయిందని నాకు పెద్దయ్యాకే తెలిసింది. కానీ "ఇంకా పరిగెడుతున్నాడుగా" అన్నప్పుడు అమ్మ టీవీ వైపు కాదు, నాన్న వైపు చూసిందని మాత్రం ఆ రోజే గమనించాను.