వెంగ్ పెట్టిన ఆకుపచ్చ పొట్లం

తైపే కంప్యూటర్ బజారు రెండో అంతస్తులో వెంగ్ కొట్టు, నా తీగల కొట్టు ఎదురెదురు. ఇరవై రెండేళ్లుగా అతని మొహం చూడందే నా షట్టరు లేవలేదు. చచ్చిన కంప్యూటరు పెట్టెల్ని బతికించడంలో అతన్ని మించినవాడు మా బజారులో లేడని నాకు తెలుసు. అతని ముందు మాత్రం అనను. అన్నానంటే ఆ రోజంతా టీ నా చేతే తెప్పిస్తాడు.

అతనికి ఒక అలవాటుంది. ఆ మాటకొస్తే మా అందరికీ ఉంది. బాగుచేసిన ప్రతి యంత్రం మీదా మొక్కజొన్న బొరుగుల పొట్లం ఒకటి పెడతాం, బుద్ధిగా నడవమని. ఆ పొట్లం పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం. ఆకుపచ్చదే పెట్టాలి. పసుపుపచ్చది పెడితే యంత్రం మొరాయిస్తుంది, ఎర్రది పెడితే ఇక అంతే. పొట్లం మీది తేదీ దాటకూడదు, విప్పి తినకూడదు. బ్యాంకుల్లో పెద్ద చదువులు చదివినవాళ్లే పెడుతుంటే మేమెంత!

ఆ మంగళవారం బజారుకి సెలవు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వెంగ్ ఒక్కడే కొట్టు తెరిచాడు, పాన్ మాస్టారి కోసం. తోడుంటానని నేనూ వచ్చాను. మాస్టారు తోలుబొమ్మలవాడు కాదు, చేతికి తొడుక్కునే చెక్కబొమ్మలు ఆడిస్తాడు. తెర వెనక ఒక్కడే నిలబడి ముసలాడు, పడుచుపిల్ల, దొంగ, దయ్యం, ఇలా ఇరవై గొంతులు పలుకుతాడు. చిన్నప్పుడు ఆయన దయ్యం గొంతు విని నేను మా అమ్మ ఒళ్లో దాక్కున్నాను. ఇప్పుడు ఆ గొంతులోనే పుండు. బుధవారం ఆసుపత్రిలో చేరాలి, గురువారం కోతలో స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు.

"ఫోనులో పట్టేసుకోరాదా అమ్మా?" అన్నాను ఆయన కూతురు షియాయున్‌తో.

"ఫోనులో బొమ్మ కనబడుద్ది అక్కా, నాన్న వేళ్లు కనబడవు. వేళ్లు చూడకుండా ఎవరు నేర్చుకుంటారు? నాలుగు వైపులా నాలుగు కెమెరాలు, గొంతు, అన్నీ ఒక్కసారే పట్టాలి."

అంత ప్రవాహం మామూలు తీగలో పోదు. అందుకే ఆమె తన కంప్యూటర్లో, కెమెరాల బొమ్మల్ని వేగంగా లోపలికి తీసుకునే కొత్త కార్డు ఒకటి బిగించమంది. వెంగ్ పెట్టెను బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, మూత తీసి, కార్డును సందులో దించి, మరమేకు ఒకటి బిగించి, మూత వేశాడు. మూత మీద అలవాటు ప్రకారం పొట్లం పెట్టి, "బుద్ధిగా ఉండవే తల్లీ" అన్నాడు. తెర మీద నాలుగు బొమ్మలూ వచ్చాయి.

మాస్టారు కుర్చీలో కూర్చుని ముసలాడి బొమ్మ తొడుక్కుని మొదలుపెట్టాడు. పదకొండో నిమిషంలో తెర నల్లబడింది. లోపల కార్డే లేదంది యంత్రం. అప్పటిదాకా పట్టింది తెరుచుకోలేదు.

"లేదంటే ఏంటి? కళ్లెదుటే ఉందిగా!" అని వెంగ్ మూత తీశాడు. కార్డు పీకి, దాని పళ్లను రబ్బరుతో రుద్ది, మళ్లీ దించాడు. వెంటనే పనిచేసింది. మూత వేశాడు. మాస్టారు ముసలాడి గొంతు మళ్లీ మొదలుపెట్టాడు. పన్నెండో నిమిషంలో మళ్లీ చీకటి.

సందు మార్చాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కార్డు వేగం ఒక మెట్టు తగ్గించాడు. తీగ చెడిందేమోనని నా కొట్టు తెరిపించి కొత్తది పట్టుకెళ్లాడు. ప్రతిసారీ అదే తంతు. మూత తీసి ఉన్నంతసేపు బంగారం, మూసిన కాసేపటికి చావు.

"అయితే తెరిచే ఉంచు" అన్నాను.

"తెరిస్తే ఫ్యాన్ల మోత మైకులో పడుతుంది అక్కా. గొంతా, మోటారా అని అడుగుతారు వినేవాళ్లు" అన్నాడు వెంగ్.

"వేడెక్కుతోందేమో?"

"ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మూతకి ఇంత జాలీ ఉంది. గాలి ఆడక చస్తుందా? మూత అంచు కార్డును నొక్కుతోందంటాను నేను." మరమేకు వదులు చేశాడు. అదీ కాదు. ఇన్నేళ్లలో వెంగ్ తల పట్టుకుని నేల మీద కూర్చోవడం నేను చూడలేదు. నాకు భయం వేసింది. ఇతనికే అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

అప్పుడు నా కన్ను పొట్లం మీద పడింది. తేదీ చూద్దును కదా, దాటి నాలుగు రోజులైంది!

"ఇంకేం నడుస్తుందయ్యా బాబూ! పాచి పొట్లం పెట్టి బుద్ధిగా ఉండమంటే ఉంటుందా?" అని కేకలేశాను. వెంగ్ నాలుక కరుచుకున్నాడు. నేనే వీధి చివరికి పరుగెత్తి కొత్తది తెచ్చాను, ఉన్నవాటిలో పెద్దది. నా చేత్తోనే మూత మీద బోర్లించి దణ్ణం పెట్టాను.

ఈసారి ఎనిమిది నిమిషాలకే పోయింది.

షియాయున్ గోడవైపు తిరిగి ఏడ్చింది. పొద్దుటినుంచి ఎనిమిదిసార్లు ఆ ముసలాడే పలికాడు. ఒక్కటీ దక్కలేదు. మాస్టారి గొంతు గీరుకుపోతోంది, గుక్కెడు నీళ్లు తాగడానికి కూడా ఆగి ఆగి మింగుతున్నాడు. మిగిలిన పంతొమ్మిది గొంతులు ఎప్పుడు పలుకుతాడు? వెంగ్ ఏమీ తోచక పెట్టె మీద చెయ్యి వేసి, "ఏం కావాలే నీకు? చెప్పి చావొచ్చుగా!" అన్నాడు.

మాస్టారు నవ్వాడు. చేతికి బొమ్మ లేదు, ఒట్టి వేళ్లే. వాటినే పెట్టె అంచున నిలబెట్టి, ఎన్నడూ వినని బొంగురు రేకు గొంతుతో పలికాడు.

"ఒరేయ్ వెంగూ! ఛాతీ మీద ఇంత మూట పెట్టి పాడమంటావేంట్రా? నాకు ఊపిరాడట్లా! ముందు ఆ మూట తియ్యరా సన్నాసీ!"

ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వింది. వెంగ్ నవ్వలేదు. పొట్లం వంక చూశాడు, దాని కింద ఉన్న జాలీ వంక చూశాడు. ఆ జాలీకి సరిగ్గా కింద కార్డు. దానికి సొంత ఫ్యాను లేదు, ఆ కన్నాల్లోంచి వచ్చే గాలే దిక్కు. మూత తీసినప్పుడల్లా పొట్లం స్టూలు మీదికి పోయేది, మూసినప్పుడల్లా మళ్లీ వచ్చి కన్నాలు కప్పేది. నేను తెచ్చిన పెద్దది ఒక్క కన్నం మిగల్చలేదు. ఏళ్ల తరబడి రోజూ పెడుతున్నదాన్ని అతని కళ్లు చూడటం ఎప్పుడో మానేశాయి. నావి చూశాయి, చూసి తేదీ చదివాయి. నా బుద్ధికి నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపించింది.

వెంగ్ పొట్లాన్ని రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టాడు. మీట నొక్కాడు. పదకొండు నిమిషాలు దాటాయి. ఇరవై దాటాయి. మధ్యాహ్నం మూడు గంటలకి మాస్టారి గొంతు పూర్తిగా ఆరిపోయేసరికి, ఆ ఇరవై గొంతుల్లో ఏడుగురు మనుషులు పెట్టెలోకి చేరారు. దయ్యం చేరలేదు. దానికి చాలినంత గొంతు మిగల్లేదు. మేము పోగొట్టిన ఆ పొద్దుటి గంటలు ఉండి ఉంటే చేరేదే. ఆ మాట షియాయున్ ఒక్కసారైనా అనలేదు. అని ఉంటేనే నాకు తేలిగ్గా ఉండేది.

వెంగ్ తర్వాత చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. పొట్లం పెట్టడం మాత్రం మానలేదు, యంత్రం పక్కన పెడుతున్నాడు. మానెయ్యమంటే, "మాస్టారు మాట్లాడింది దానివల్లే కదక్కా" అంటాడు.

మూడు నెలలకి మాస్టారు ఒక్కడే వచ్చాడు, మెడకి గుడ్డ చుట్టుకుని. సంచిలోంచి ఆకుపచ్చ పొట్లం తీసి, వెంగ్ బాగుచేస్తున్న పెట్టెకి జానెడు దూరంలో జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత స్పీకరు వైపు వేలు చూపించాడు. ఏం కావాలో వెంగ్‌కి అర్థమైంది. ముసలాణ్ణీ కాదు, పడుచుపిల్లనీ కాదు. ఆ రోజు ఎనిమిదో తడవ తెర నల్లబడ్డాక కూడా బల్ల మీద నడుస్తూనే ఉన్న షియాయున్ ఫోను ఆ రేకు గొంతును పట్టింది; వెంగ్ దాన్ని మోగించాడు.

"ఒరేయ్ వెంగూ! నాకు ఊపిరాడట్లా!"

మాస్టారి వేళ్లు పెట్టె అంచున నిలబడి, తల ఊపి, వెంగ్‌ని బెదిరించాయి. మాటకి మాట, ఒక్క అక్షరం తప్పకుండా ఆడాయి. ఆయన భుజాలు కుదుపుతూ నవ్వుతున్నాడు, చప్పుడు లేదు. వెంగ్ స్క్రూడ్రైవరు పట్టుకుని, అన్నీ అర్థమైన మనిషిలా తల ఊపుతూ ఏడుస్తున్నాడు.