ఎనిఫా చెప్పిన రెండు పెపానీలు

పొద్దున్నే మిల్లు ఇంజను తిప్పగానే మొదటి పళ్లెం మొక్కజొన్నలు ఎనిఫా తన ఇంటివే పోసేది. రాత్రంతా ఖాళీగా ఉన్న మరకు ఆకలి ఎక్కువ. ముందు పోసినవాళ్ల పిండిలో కొంత దాని కడుపులోనే ఉండిపోతుంది. ఆ కొంత ఏ తల్లో తన పిల్లల కోసం తెచ్చుకున్నది కాకూడదని ఎనిఫా పట్టుదల.

"ఏమమ్మాయ్, నీ మిల్లుకి రోజూ నీ ఇంటి నుంచే టిఫినా?" అని జింబా తాత సైకిలు దిగుతూ ఏడిపించేవాడు.

"పెట్టకపోతే నీ బకెట్లో చెయ్యి పెడుతుంది తాతా. నీ ఇష్టం మరి!"

దెద్జా కొండల కింద చిపొలా ఊరి ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ వరసలో నిలబడేది ఆ మిల్లు దగ్గరే. అలాంటి చోట ఒక సోమవారం సగం మంది కూడా రాలేదు.

"ఏటి అవతలి మిల్లుకి పోతున్నారమ్మా" అన్నాడు జింబా తాత. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. "ఫైనెసి పిండి నువ్వే పాడుచేశావంట. పైగా ఒప్పుకున్నావంట."

"నేనా? ఎప్పుడు ఒప్పుకున్నాను?"

"నిన్న గుడి బయట పెపాని అన్నావా లేదా?"

అన్నది. అంతకు ముందు శనివారం ఊళ్లో చర్చి సంఘం ఆడవాళ్ల కూడిక జరిగింది. కొండమీది ఊరి నుంచి అతిథులు దిగి వచ్చారు. వంట బాధ్యత ఫైనెసిది. ఆమె మొక్కజొన్నలు దంచి, పొట్టు తీసి, నానబెట్టి, ఎండబెట్టి, మల్లెపువ్వులా తెల్లటి పిండి రావాలని ఎనిఫా మిల్లుకే తెచ్చింది. తీరా వండితే న్సిమ ముద్ద పసుపుపచ్చగా వచ్చింది, పచ్చి చిక్కుడు వాసన కొట్టింది. అతిథులు గుమ్మడాకు కూర మాత్రం తిని ముద్దలు పళ్లేల్లోనే వదిలేశారు. మర్నాడు ఆరాధన అయ్యాక ఫైనెసి, "మా పిండి చెడిపోయిందక్కా" అంటే, ఎనిఫా గుండెల మీద చెయ్యి వేసుకుని "పెపాని" అని ఇంటిదారి పట్టింది.

దారిలో కాలికి రాయి తగిలినవాళ్లతోనూ ఆ ఊళ్లో పెపాని అనే అంటారు. చావు జరిగిన ఇంట్లోనూ అదే మాట. ఎదుటివాళ్ల కాలు మనమే తొక్కి క్షమించమనాలన్నా అదే మాట.

"తాతా, ఆ పిల్ల బాధ చూసి అన్నాను. తప్పు చేశానని అనలేదే!"

"నువ్వు ఏ పెపాని అన్నావో నీకు తెలుసు. ఫైనెసికి ఏది వినబడిందో బోరింగు దగ్గర అందరికీ తెలుసు. తప్పు చేసి, ఒక్క మాట పారేసి పోయిందని చెప్పుకుంటున్నారు."

ఎనిఫాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఇంజను ఆపేసింది. ఏం చేయాలో తోచక మరను శుభ్రం చేయడానికి కూర్చుంది. పిండి దిగే మూతికి కట్టిన గుడ్డ గొట్టాన్ని విప్పి లోపలి వైపు తిప్పింది. కుట్టు వెంట పసుపుపచ్చటి పిండి చెక్కు కట్టి ఉంది. గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. సోయా.

అప్పుడు గుర్తొచ్చింది. ఫైనెసికి ముందు ఒక బాలింత, బిడ్డ జావకోసం సోయా పట్టించుకుంది. మబ్బు పట్టిందని అందరూ తొందరపెడితే, గొట్టం దులపకుండానే తను ఫైనెసి గంప పోసేసింది.

చుట్టూ ఎవరూ లేరు. పక్కనే బకెట్లో నీళ్లున్నాయి. ఒక్కసారి ముంచి పిండితే ఆ పచ్చదనం ఉండేది కాదు. ఎనిఫా కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకుంది. ఆ గొట్టాన్ని అలాగే మడిచి చంకలో పెట్టుకుని, తన ఇంటి తెల్లటి పిండి గంపకెత్తి నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

ఫైనెసి వాకిట్లో రోట్లో దంచుతోంది. ఎనిఫా మోకాళ్ల మీద కూర్చుని, పలకరింపుగా చప్పట్లు కొట్టినా రోకలి ఆపలేదు.

"ఏం, ఇంకో పెపాని మిగిలిందా ఎనిఫక్కా?"

"మిగిలిందమ్మా. నిన్నటిది నీ బాధకి. ఇవాళ్టిది నా తప్పుకి." గొట్టం తిప్పి ఆమె ముందు పరిచింది.

రోకలి ఆగింది. ఫైనెసి ఆ చెక్కును గోటితో గీకి చూసింది. "నువ్వు కడిగేసుంటే నాకు తెలిసేదే కాదు కదక్కా" అంది నెమ్మదిగా. "పిండి ఇస్తావు, సరే. కొండమీది వాళ్లకు నేను చేతకానిదాన్ని అయిపోయానే! మా ముద్దలు మా కోళ్లు కూడా ముట్టలేదక్కా. ఆ మాట ఎవరు తుడుస్తారు?"

"నేనే. ఆదివారం నాతో రా."

ఆ ఆదివారం ఇద్దరూ కొండెక్కారు. అక్కడి గుడిలో ప్రకటనల వేళ ఎనిఫా లేచి, గొట్టాన్ని అందరికీ కనబడేలా పైకెత్తింది. "ఈ పిల్ల చేతి వంటకు వంక పెట్టకండి. సోయా నా మిల్లులో కలిసింది. నేను దులపలేదు" అంది. ముందు వరసలోని ఒక ముసలామె లేచి, నాలుక ఆడిస్తూ సంతోషపు కేక పెట్టింది. వెనకే అందరూ అందుకున్నారు. ఆ కేకలు కింద చిపొలా దాకా వినబడ్డాయని జింబా తాత ఇప్పటికీ పందెం కాస్తాడు. ఏటి అవతలికి పోయినవాళ్లలో కొందరు తిరిగి రానే లేదు. అయినా, మా మిల్లు ఎనిఫాది అని చెప్పేటప్పుడు చిపొలా ఆడవాళ్లు ఇప్పటికీ నడుం నిటారుగా చేసి మరీ చెబుతారు.

కొండ దిగుతూ ఎనిఫా దారి మధ్యలో ఆగింది.

"ఫైనెసీ, నాకో సాయం చేసిపెట్టవే."

"చెప్పక్కా."

"నువ్వు బోరింగు దగ్గర చెప్పుకుంటుంటే, నేను ఆ గొట్టంలోంచే ఇంకెందరి పిండో దింపాను. ఈసారి నీ పిండి బాగోకపోతే తిన్నగా నా దగ్గరికే రా. వరస అంతా వినేలా నా మీద అరిచెయ్. ఇంజను చప్పుడుకి వినబడకపోతే ఇంకాస్త గట్టిగా అరిచెయ్. అరుస్తావు కదూ?"