ద్రాక్షకట్టె దెబ్బ

పెద్ద మామా సముద్రం వైపు చూడదు. కువైట్‌లో ఉంటూ సముద్రం కంటపడకుండా బతకడం అయ్యే పనేనా? సముద్రపు ఒడ్డునున్న షర్క్ మీదుగా కారు పోతున్నంతసేపూ తల ఇటు తిప్పుకుని నా భుజాన్ని చూస్తూ కూర్చునేది. చేప మాత్రం రోజూ ఉండాలి. ఆ చేప ఎక్కడి నుంచి వస్తుందని ఒకసారి అడిగాను. ఫ్రిజ్‌లో నుంచి అంది.

కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఈమె నేను పనిచేసే ఇంటి మామాకు తల్లి, ఎనభై దాటిన మనిషి. ఆమెను లేపడం, స్నానం చేయించడం, మందులివ్వడం, ఆమె చేత తిట్లు తినడం నా ఉద్యోగం. నేను రాయచోటి వదిలి మూడేళ్లు దాటింది. ఈలోగా నా కూతురికి కొడుకు పుట్టాడు, పాకాడు, నడిచాడు. అంతా ఫోన్‌లోనే చూశాను. సెలవు అడిగినప్పుడల్లా మామా రంజాన్ తర్వాత అనేది, ఎండాకాలం పోనీ అనేది. చివరికి గ్రీసు దేశంలో ఏదో దీవికి పోయొచ్చాక చూద్దామంది. తల్లిని చూసుకోవడానికి నేనూ రావాలట. మనవడి దగ్గరికి పోవాల్సినదాన్ని, విమానమెక్కి ఇంకో దిక్కుకు పోయాను. దారి పొడుగునా మనసులో మామాను తిట్టని తిట్టు లేదు.

ఆ దీవి సగమే ఉంది. ఎప్పుడో అగ్నిపర్వతం పగిలి సగం నేల సముద్రంలోకి పోయిందట. మిగిలిన అంచు మీద తెల్లటి ఇళ్లు కట్టుకుని, పూలకుండీలు పెట్టుకుని, జనం తీరుబడిగా కాఫీ తాగుతున్నారు. కింద ఇంకా నిప్పు ఉందని నవ్వుతూ చెబుతున్నారు. రాయి నలుపు, ఇసుక నలుపు. ఆ బూడిదలో ద్రాక్షతోటలు! పందిరి లేదు, గుంజ లేదు. గాలికి విరగకుండా తీగను నేల మీదే చుట్టకుదురులా అల్లి పెట్టారు. గుత్తులు దాని లోపల ఉన్నాయి. కరువు సీమలో పుట్టినదాన్ని, ఆ మన్ను పిడికిట్లోకి తీసుకుని చూసి కూడా నమ్మలేకపోయాను.

కువైట్‌లో వెనిగర్ సీసాలో కూడా సారా ఉందేమోనని అనుమానంగా చూసే మామా, అందరూ పోతున్నారని మమ్మల్ని వైను చేసే ఒక పాత ఇంటికి తీసుకుపోయింది. తల్లి తాగే ప్రతిదీ ముందు నేను వాసన చూడాలని ఆజ్ఞ. ద్రాక్షరసం చూశాను, నీళ్లు చూశాను, టీ కూడా వదల్లేదు.

ఆ ఇల్లు ఒకప్పుడు ఓడ కెప్టెన్‌దట. ఇక్కడి మగవాళ్లు వైను పీపాలు ఓడల్లో వేసుకుని రష్యా దాకా పోయేవాళ్లనీ, ఆడవాళ్లు మిద్దెక్కి తెరచాపల కోసం చూసేవాళ్లనీ ఇల్లు చూపించే ఆవిడ చెప్పింది. మామా దాన్ని తల్లికి అరబీలో చెప్పి, ఎండుద్రాక్ష కొనడానికి లోపలికి పోయింది. పెద్ద మామా లేచి నిలబడింది. వాకిట్లో పొయ్యి కోసం పేర్చిన ఎండు ద్రాక్షకట్టెల్లోంచి ఒకటి లాగి, సముద్రం దగ్గరికి నడిపించమంది. చెయ్యి పట్టుకుని నడిపించాను. తోట దాటితే నల్ల ఇసుకే.

చెప్పులతోనే పిక్కల్లోతు నీళ్లలోకి దిగింది. కట్టె ఎత్తి సముద్రాన్ని కొట్టింది. మళ్లీ కొట్టింది. ఈత కొడుతున్న దొరలంతా ఆగి చూస్తున్నారు. పడిపోతుందేమోనని నేను నడుం పట్టుకున్నాను.

రొప్పుతూనే చెప్పింది. ఆమె చిన్నప్పుడు తండ్రి ముత్యాల కోసం సముద్రంలోకి పోయాడట. అందరి పడవలూ వచ్చాయి, ఆయనది రాలేదు. అప్పుడు ఆమె తల్లి, మిగతా ఆడవాళ్లు ఖర్జూర మట్టలు కాల్చి ఒడ్డుకు తెచ్చి, ఇక చాలు, మా మగవాళ్లను ఇచ్చెయ్ అని సముద్రాన్ని కొట్టారట. ఆయన రానే లేదు. ఈ కట్టెను కాల్చే పని లేదు, ఈ ఊరే కాలింది గదా అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెను దగ్గరికి తీసుకున్నాను.

ఆమె కట్టె నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లు విని విని ఆమె అరబీ నా చెవికి మా రాయచోటి మాటలాగే వినపడేది.

"ఇప్పుడు నన్ను కొట్టు బిడ్డా. నిన్ను ఇంటికి పంపొద్దని నా కూతురికి చెప్తాండేది నేనే. పోతే మళ్లా రావని బయపడితి. నీకు నేనే సముద్రం."

నేను రోజూ వీపు రుద్దిన మనిషి, నా చేతి ముద్ద తిన్న మనిషి. నా మనవడి ఫోటో చూసి ముద్దు పెట్టిన మనిషి. మూడేళ్ల నా తిట్లన్నీ పాపం మామాకు పోయాయి. జాలి పోయి ఒళ్లంతా కోపం పాకింది. కట్టె ఎత్తి, ఆమె కాళ్ల పక్కన నీళ్లను నా బలమంతా పెట్టి కొట్టాను. ఆమె అబాయా ఛాతీ దాకా తడిసింది. ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

"ఇంకోటి కొట్టు" అంది.

కొట్టాను. ఆమె అక్కడే నిలబడి, నా ఫోన్‌లోనే తన కూతురికి చేసి నాకు టికెట్ తీయమంది.

కువైట్‌కు తిరిగొచ్చాక నన్ను దింపడానికి ఎయిర్‌పోర్టుకు ఆమె కూడా వచ్చింది. కారును షర్క్ మీదుగా పోనిమ్మని డ్రైవర్‌కు చెప్పి, నన్ను ఇటు జరగమని తాను సముద్రం వైపు కూర్చుంది. అద్దం దించి చూస్తూనే ఉంది. మళ్లీ వస్తావా అని అడగలేదు. నా కోపం ఇంకా తగ్గలేదు, దారంతా పలకలేదు. లోపలికి పోయే తలుపు దగ్గర మాత్రం, ఎవరూ అడగకుండానే, తప్పకుండా వస్తానని చెప్పాను. ఆ మాట విని ఆమె కంటే నేనే ఎక్కువ అదిరిపోయాను.