ఫస్టు గేర్ పడని ట్రాక్టర్

గేర్లు పడకనే ట్రాక్టర్ అమ్మేసినమని మా అన్న ఇప్పటికీ ప్రతి దావత్‌ల చెప్తడు. విన్నోళ్లు అయ్యో అంటరు. నేను పక్కనుంటే మాత్రం ఊకోను. గేర్లు పడ్డయి. పడేటట్టు చేసింది నేను.

ఛత్రినాక బస్తీల మా నాయిన నీళ్ల ట్యాంకర్ గుంజనీకె కొన్న బండి అది. నాయిన పోయినంక అన్న చేతికొచ్చింది. పోయిన ఎండాకాలం ఫస్టు, రివర్సు పడుడు బందైంది. నిండు ట్యాంకర్‌తోని ఎత్తు గల్లీ ఎక్కాలంటే ఫస్టు లేకుంట ఎట్ల? కార్వాన్ నుంచి ముసలి మేస్త్రీ వచ్చిండు, మేమంత చాచా అంటం. "గేర్ బాక్స్ ఖరాబ్ బేటా, బండిని నడుమల విప్పి రెండు ముక్కలు చేసి చూడాలె" అన్నడు. అన్నకు అదే చాలు. పాత ఇనుము కొనే సేటుకు ఫోన్ కొట్టిండు, సాయంత్రం వచ్చి తీస్కపొమ్మని.

నాకు కాలు నిలువలే. సీటెక్కి కూసున్న.

"దిగు, చీర చిక్కుకుంటది," అన్నడు అన్న.

"నా చీర ఫికర్ నీకెందుకే! ముందు నువ్వు పక్కకు జరుగు."

క్లచ్ తొక్కి గేర్ రాడ్ తోసిన. ఇనుముకు ఇనుము తాకిన చప్పుడు లేదు. దిండును తోసినట్టు మెత్తగ ఆగింది. గేర్ బాక్సుల మెత్తటిది ఏముంటది? రాడ్ అడుగున రబ్బరు తొడుగు లేపి చూస్తే ఏముంది, బట్టలు!

మా ఇంటి రివాజు: ప్రతి బోనాలకు రాడ్‌కు ఎర్రబట్ట కడ్తం. కొత్తది కడ్తం గని పాతది విప్పం, అరిష్టమని. అవన్నీ నూనె తాగి, కిందికి జారి, ముద్దగట్టి, ఫస్టు, రివర్సు ఉన్న పక్కకు రాడ్‌ను ఒరగనిస్తలేవు.

కత్తెర పట్టంగనే అమ్మ ఉరికొచ్చింది. "అమ్మవారి బట్టనే అది, కొయ్యకు!"

"ఫస్టు గేర్ వెయ్యొద్దని అమ్మవారు చెప్పిందా అమ్మా?"

కోసిన. పదమూడు బట్టలు బయటికొచ్చినయి. చాచా రాడ్ తోస్తే ఫస్టు గేర్ టక్కున పడ్డది. చాచా మొహం చిన్నబోయింది. "పూజ బట్ట గదా అని నేను చెయ్యి వెట్టలే బేటీ," అన్నడు. ఆయన మీద కోపం రాలే నాకు.

అన్న బండి చుట్టు రెండుసార్లు తిరిగిండు. సాయంత్రం సేటు గుంజుకపోనీకె గొలుసు తెచ్చిండు. గొలుసుతోని పనే పడలే. అన్ననే సీటెక్కి, ఫస్టు గేర్ల గల్లీ దాటించి, సేటుకు అప్పజెప్పి నడుసుకుంట వచ్చిండు.

ఎందుకు అమ్మినవ్ అని అడిగితే ఒకపారి "పాతదైంది" అంటడు, ఒకపారి "నీకేం తెల్సు" అంటడు. సరే, నాకు తెల్వదు. గట్లనే అనుకుందాం. అమ్ముడే నీ మనసుల ఉంటే, మరి మేస్త్రీని ఎందుకు పిలిపించినవ్ అన్నా?