పైపొర నుంచి కత్తిరించిన ముక్క

ఘాజియాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీలో నేను ల్యాబ్ కెమిస్టుగా ఐదేళ్లు పనిచేశాను. సిమెంటు, ఉక్కు కర్మాగారాల్లో పొగతో పాటు బూడిద బయటికి పోకుండా ఆపే సంచుల కోసం అక్కడ గుడ్డ నేసేవారు. నూలు గుడ్డ కాదు, గాజు కరిగించి తీసిన సన్నటి పోగుల గుడ్డ. నేసేటప్పుడు పోగు తెగకుండా గంజి, నూనె పట్టిస్తారు. నేత అయ్యాక ఆ గంజి పూర్తిగా కాలిపోయేలా గుడ్డ చుట్టలను రెండు రోజులు బట్టీలో ఉంచాలి. గంజి మిగిలిపోతే తర్వాత వేసే పూత పట్టదు. పూత లేకపోతే గాజుపోగులు ఒకదాన్నొకటి రాసుకుని తెగిపోతాయి. బాగా కాలిన గుడ్డ తెల్లగా ఉంటుంది. కాలనిది బిస్కెట్ రంగులో ఉంటుంది.

బట్టీ చూసుకునే పెద్దాయన శ్రీకాకుళం వైపు మనిషి. పాతికేళ్ల కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఫ్యాక్టరీలో తెలుగువాళ్లం మేమిద్దరమే. గాజు నలుసులు గుచ్చుకుని ఆయన ముంజేతులు ఎప్పుడూ దద్దుర్లు కట్టి ఉండేవి. నేను గోంగూర తెచ్చిన రోజు ఎలా తెలిసేదో గాని, ల్యాబ్ గుమ్మంలో నిలబడి, "కొంచెం ఉంచండమ్మా" అనేవాడు.

చివరి ఏడాది నవంబరులో గాలి బాగా చెడిపోయి, డీజిల్ జనరేటర్లు నడపకూడదని ఆర్డరు వచ్చింది. ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. బట్టీలో వేడిగాలి తిప్పే ఫ్యాన్లు ఆగిపోయి, లోపలున్న చుట్టలు చల్లారాయి. కరెంటు వచ్చాక మళ్లీ వేడెక్కించారు గాని, మర్నాడు గడువు వేళకే దించేయమని మేనేజరు చెప్పాడు.

పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఓ చుట్ట ఇప్పి సూసినాను. లోన ఇంకా రంగు ఇరగలేదు. ఇంకో దినం కాలాల. నేను సెప్తే ఎవులింటారు, మీరు సెప్పండి."

వెళ్లి చూశాను. చుట్ట నడిమికి పోయేకొద్దీ గోధుమరంగు చిక్కబడుతోంది. మాడిన పేలాల వాసన వేసింది. మేనేజరుకు చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"మేడమ్, పూత యూనిట్ లారీ గేటు దగ్గర ఉంది. శాంపిల్ పైపొర నుంచి తీసుకోండి. ఏ పొర తియ్యాలో రూల్లో రాసి లేదు కదా," అన్నాడు హిందీలో.

నిజమే, రాసి లేదు. పైపొర నుంచి అరచేయంత ముక్క కత్తిరించాను. తూచి, ల్యాబ్‌లోని చిన్న కొలిమిలో కాల్చి, మళ్లీ తూచాను. బరువు తగ్గలేదు. అంటే గంజి లేదని. కాగితం మీద సంతకం పెట్టాను.

చలికాలం పూర్తికాక ముందే, ఆ సంచులు వాడిన హర్యానా సిమెంటు కర్మాగారం నుంచి ఫిర్యాదు వచ్చింది. సంచులు మడతల దగ్గర బారుగా చిరిగిపోయాయి. వాటిని మార్చడానికి పైకెక్కిన ఒకతని మీద వేడి బూడిద కుప్పగా పడి రెండు చేతులూ కాలాయి. చిరిగిన సంచి ఒకటి మాకు పంపించారు. అది బిస్కెట్ రంగులో ఉంది.

మేనేజరు గదిలో విచారణ పెట్టారు. బట్టీ ముందే ఆపేశాడని తప్పు పెద్దాయన మీద పెట్టారు. ఆయన మేనేజరు వైపు చూడలేదు. నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "అమ్మా, ఆ దినం మీకు సెప్పినాను గదా. ఆ ఒక్క మాట ఈళ్లకి సెప్పండి."

ఆయన ఏమన్నాడో ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. పెళ్లయి ఢిల్లీ వచ్చాక రెండేళ్లు ఇంట్లో కూర్చుని వెతుక్కున్న ఉద్యోగం నాది. "నేను పరీక్షించిన శాంపిల్ పాసైంది," అన్నాను ఇంగ్లీషులో. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఆ వారమే ఆయన్ను పనిలోంచి తీసేశారు.

రెండు నెలలకు అడ్రసు కనుక్కుని ఆయన గదికి వెళ్లాను. మంచం మీద దుప్పటి సర్ది కూర్చోమన్నాడు. ఒక అపార్టుమెంటులో గార్డుగా చేరానని చెప్పాడు. ఉన్నదున్నట్టు పైవాళ్లకు ఉత్తరం రాస్తానన్నాను.

"రాయండి, రాయకపోండి. నాకిప్పుడు ఏటి ఒరుగుతాది?" అన్నాడు. "ఆ సేతులు కాలినోడు ఎలాగున్నాడమ్మా? కనుక్కున్నారా?" అని అడిగాడు.

కనుక్కోలేదు. ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. అదే ఆయనకు చెప్పాను. ఆయన లేచి టీ పెట్టడానికి వెళ్లాడు.

ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. శాంపిల్ తీసే పని వేరేవాళ్లకు అప్పగించారు, వేసవిలో నేనే మానేశాను. మానేసే ముందు ల్యాబ్ ఫోన్ నుంచి ఆ సిమెంటు కర్మాగారానికి ఫోన్ చేసి, చేతులు కాలిన మనిషి గురించి అడిగాను. "వో తో ఠేకేదార్ కా ఆద్మీ థా," అన్నాడు అవతలి గుమాస్తా. కాంట్రాక్టరు మనిషట. కట్లు విప్పకముందే ఊరు వెళ్లిపోయాడట. ఏ ఊరని అడిగితే, తెలియదన్నాడు.