పర్వాలేదు అంటే ఎంత?

నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుని. సూది వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లతో మాట్లాడటం అలా కాదు. ఆ పని నాకు బాగా వచ్చునని ధైర్యంగా చెబుతాను.

ఒకరోజు పొద్దున ఒకాయనకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. భార్యాభర్తలిద్దరూ మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్లు అమ్ముతారు. డాక్టరుగారు బయటికొచ్చి, ఆయన భార్యతో "పర్వాలేదమ్మా" అని వెళ్లిపోయారు.

ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. ఊళ్లో ఉన్న మరిదికి ఫోన్ చేసి, "జల్ది రా. మీ అన్నకు మంచిగ లేదు" అంది.

"మంచిగ లేదని ఎవరన్నరమ్మా?" అని అడిగాను.

"సారే అన్నడు గద, పర్వాలేదని. మా బిడ్డను మార్కులెట్లొచ్చినయంటె గట్లనే అంటది. తక్కువొచ్చినప్పుడే అంటది."

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. కూర పర్వాలేదంటే రుచి అంతంతమాత్రమని. కాలు తొక్కినవాడితో పర్వాలేదంటే, బాధపడకు అని. డాక్టరుగారు ధైర్యం చెప్పారు. ఆమె మార్కులు వేసుకుంది.

"జర ఆగమ్మా" అని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. "సార్, మీ మాట ఆమెకు వేరేగా అర్థమైంది. ఏం చేశారో, ఎలా ఉన్నాడో విడివిడిగా చెప్పండి."

ఆయన విసుక్కోకుండా వచ్చారు. "రాళ్లతో సహా సంచి తీసేశామమ్మా. బీపీ బాగుంది. సాయంత్రం నీతో మాట్లాడతాడు. రేపు నడిపిస్తాం."

"గీ ముచ్చట ముందుగాల చెప్తె అయిపోతుండె గద సారూ" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. మళ్లీ ఫోన్ చేసేసరికి మరిది బస్సెక్కేశాడు. "ఎక్కితె ఎక్కినవ్ తియ్, వచ్చి చూసిపో" అంది.

ఇంటికెళ్లి చెబితే మా అత్తగారు ఆశ్చర్యపోయారు. ఆవిడది కోస్తా. "వాళ్ల ఫికరూ గికరూ నేను అర్థం చేసుకోవడం లేదూ? చక్కటి తెలుగు మాట ఆవిడకి తెలియకపోవడమేమిటి?"

"పర్వా తెలుగు కాదత్తయ్యా. ఫారసీలోంచి ఉర్దూలోకి, అక్కణ్ణించి మనకీ వచ్చింది. చింత, లెక్కచేయడం అని అర్థం. అర్థంలో ఫికర్‌కి చుట్టమే."

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగారు. "మరి, లేదు అన్న మాట?"

"అది మనదే."

"అదీ సంగతి. ఉన్న చింతని లేకుండా చేసేది మన మాటేగా" అన్నారు.

కొత్తగా చేరిన నర్సులకు ఇప్పుడు ఒకటే చెబుతాను: పర్వాలేదు అనండి, కానీ ఒంటరిగా అనకండి. జ్వరం తగ్గిందనో, జావ తాగాడనో పక్కన ఇంకో మాట పెట్టండి.

ఆపరేషన్ అయిన మర్నాడు ఆ పండ్లాయన వరండాలో నడిచాడు. ఒక పక్క తమ్ముడు పట్టుకున్నాడు. వెనకాల సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని భార్య, "ఏందయ్యా గా ఉరుకుడు, నిమ్మళంగ నడువు" అని కోప్పడుతోంది.