షెఫాలీ వాళ్ల ఇల్లు మేమే కూలగొట్టాం

మా చిన్నప్పుడు... ఒక మధ్యాహ్నం బడి గంట ఆగకుండా మోగింది. "అందరూ షెఫాలీ వాళ్లింటికి పదండి. గునపమో పారో, ఏది దొరికితే అది పట్టుకోండి" అన్నారు హెడ్‌మాస్టరుగారు.

అది బెంగాల్లో గంగ ఒడ్డునున్న పల్లె. నాన్నగారికి అక్కడి బ్యాంకులో ఉద్యోగం. తెలుగువాళ్లం మేమొక్కళ్లమే. వీధిని అక్కడ 'పాడా' అంటారు. పాడాలో పెళ్లయినా, చావైనా ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలిగేది కాదు... అందరికీ వంట ఒక్కచోటే.

షెఫాలీ బడిలో నా పక్కన కూర్చునేది. ఆ ఏడు వరద తీసేటప్పుడు గంగ ఒడ్డును కోసుకుంటూ వాళ్ల పెరట్లోకి వచ్చేసింది. ఇల్లు ఎలాగూ దక్కదు. ముందే కూలగొడితే తలుపులు, రేకులు, ఇటుకలైనా మిగులుతాయి...

అందరం కలిసి కూలగొట్టాం. పక్కింటి రహీం చాచా పైకెక్కి రేకులు విప్పాడు. అమ్మ కొంగు నడుముకి బిగించి ఇటుకలు అందించింది.

షెఫాలీ నాయనమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. "అన్నం ఉడుకుతోంది. పిల్లలు తిన్నాక లేస్తాను" అంది.

గోడల్లేని ఆ వంటింట్లో, దుమ్ము పడిన అన్నమే తలా రెండు ముద్దలు తిన్నాం. సాయంత్రానికి ఆ పొయ్యి, దాని కింది నేల ఒక్కసారిగా గంగలోకి జారిపోయాయి. నాయనమ్మ ఏడవలేదు... గరిటె చేత్తో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

వాళ్లు బడి వరండాలోకి మారారు. షెఫాలీ రెండు నెలలు మా ఇంట్లోనే పడుకుంది. ఇంతలో నాన్నగారికి విజయనగరం బదిలీ అయింది.

మేం జీపు ఎక్కుతుంటే షెఫాలీ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "కాకీమా, నన్నూ తీసుకెళ్లరూ? ఇంటి పనంతా చేస్తాను..." అమ్మని వాళ్లంతా అలాగే పిలిచేవారు, పిన్నీ అన్నట్టు. అమ్మ తన శాలువా తీసి దాని భుజాల మీద కప్పింది.

నేనా... కిటికీ పక్క చోటు కోసం తమ్ముడితో పోట్లాడుతున్నాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మొన్న ఇక్కడ అమెరికాలో, షాంటిలీలో మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం, "మామ్, నీ స్కూల్ ఎక్కడ? మ్యాప్‌లో పిన్ పెట్టాలి" అంది. ఊరి పేరు చెప్పాను. కాసేపు వెతికి, "ఇక్కడ స్కూల్ లేదు మామ్... ఓన్లీ రివర్ ఉంది" అంది.

బడి, బ్యాంకు, రహీం చాచా ఇల్లు, మేం అద్దెకున్న ఇల్లు... అన్నీ నీళ్లే.

ఇక్కడ మా వీధిలో ఎవరింటికి ఏమైనా, ఇన్సూరెన్స్ వాళ్లు వస్తారు. గునపం పట్టుకుని వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

షెఫాలీని వెతుకుదామంటే దాని ఇంటిపేరైనా తెలియదు నాకు. ఆ రోజుల్లో అడగాలని ఎవరికి తోచింది...

మీ పక్కన కూర్చున్న పిల్లల పూర్తి పేర్లు మీకు గుర్తున్నాయా? ఉంటే కింద రాయండి... మరిచిపోకముందే.